పందిరి కింద పడక

కొబ్బరిమట్టను నిలువునా చీల్చడం చూడ్డానికి తేలికే. కొస దగ్గర కత్తిమొన దించి, ఒక సగాన్ని కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, రెండో సగాన్ని చేత్తో లాక్కుంటూ పోవాలి. చీలిక నడిమినుంచి తప్పిందంటే ఒక సగం బరువెక్కుతుంది, రెండోది పీలగా మిగులుతుంది. సోంపేట దగ్గరి పల్లెలో మా చుట్టాలింటికి పందిరి వేయడానికి వచ్చిన తాత పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మట్టలు చీలుస్తూనే ఉన్నాడు. ఒక్క చీలికా పక్కకు పోలేదు. ఆ వేసవిలో వారం రోజులు ఆయన వేసిన పందిరి కిందే పడుకున్నాను. ఎందుకంత నిశ్చింతగా నిద్రపట్టిందో ఆయన పని దగ్గర కూర్చుని చూడబట్టే నాకు అర్థమైంది.

ఆకు లేతదైతే ఎండకు ముడుచుకుపోతుంది, పండిపోయినదైతే అల్లేటప్పుడే చిట్లుతుంది. ముదిరి, ఇంకా పచ్చదనం విడవని మట్టలనే ఏరి, చీల్చి, చెరువులో నానేస్తారు. నానిన ఆకు చెప్పిన మాట వింటుంది. ఒక ఆకును వెనక్కి మడిచి, పక్క ఆకు మీంచి, దాని పక్కదాని కిందనుంచి ఏటవాలుగా పోనిస్తూ తడక అల్లుతారు. ఈనెలు తీయరు, తడకకు బిగువు వాటివల్లే. ఆకు నున్నటి వైపే పైకి ఉండాలి, వానచుక్క నిలవకుండా జారిపోవడానికి. తాత అల్లుతున్నప్పుడు చూపు చేతుల మీద లేదు. వీధిలో పోయేవాళ్లను పలకరిస్తూనే ఉన్నాడు, వేళ్లు వాటి లెక్కన అవి పోతున్నాయి.

పందిరి కింద పడుకోవడం మన దగ్గరే కాదు. ఐరోపాలో క్యారవాన్ అనే ఇల్లులాంటి బండి కట్టుకుని సెలవులకు తిరిగేవాళ్లున్నారు. ఆ బండి పక్కన గుడ్డ పందిరి ఒకటి తగిలించుకుంటారు. అందులో పడుకోవచ్చా, గాలికి నిలుస్తుందా, స్థలం ఇచ్చినవాడు ఒప్పుకుంటాడా అన్న బెంగ వాళ్లకూ ఉంది. ఇంటిచూరుకు ఒక అంచు, నేలలో పాతిన రాటలకు ఒక అంచు కట్టిన మన పందిరి కూడా అటువంటిదే. బెంగా అదే.

సోంపేట చుట్టుపక్కల ఉన్న ఈ ఉద్దానం తీరం ఇసుకనేల. గుంత తీసి రాట దించితే సరిపోదు, గాలి ఎత్తిందంటే దుంప ఊడినట్టు ఊడొస్తుంది. అందుకని తాత ప్రతి సరుగుడు రాట మొదట్లో మూరెడు కర్ర అడ్డంగా కట్టి, దాంతోపాటే పూడ్చి, చుట్టూ ఇసుకను తడిపి దిమ్మిస కొట్టాడు. కట్లన్నీ కొబ్బరిపీచు తాడుతోనే. ఇనుపతీగ వాడొచ్చు కదా అంటే ఇంటి కిటికీ ఊచ చూపించాడు. ఉప్పుగాలికి అది పొరలు పొరలుగా రాలుతోంది. పీచుతాడుకు ఉప్పంటే లెక్కలేదు. తడకలను కింది చూరునుంచి మొదలుపెట్టి, పైది కిందిదాన్ని జానెడు కప్పేలా పరుచుకుంటూ పోయాడు, పెంకు నేసినట్టే. ఇంటిగోడ దగ్గరకు వచ్చేసరికి మాత్రం జానెడు సందు వదిలాడు.

"అది మరిసిపోయావా తాతా?" అన్నాను.

"గాలిని ఆపేద్దమనుకోకు బావూ. దానికి దారియ్యాల. ఇయ్యకపోతే అదే సేసుకుంటాది" అన్నాడు.

ఈ మాట ఉద్దానంలో ఊరికే అనేది కాదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబర్ తుపాన్లే. తిత్లీ అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి తరాలనాటి కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకూలాయి. అలాంటి గాలికి ఏ పందిరీ నిలవదు. నిలుస్తుందని తాతా అనడు. పందిరిని ఇంటిచూరుకు కట్టిన చోట్లన్నిటా ఆయన వేసింది జారుముడి. కొస పట్టి లాగితే చాలు, మొత్తం కట్టు విడిపోతుంది.

"పందిరి పోతే మళ్లీ అల్లుకుంటాం. ఇంటి సూరు పట్టుకెళిపోతే ఏటి సేస్తాం?"

తుపాను కబురు వస్తే పందిరి విప్పి దించడమే, దాని కింద పడుకోవడం కాదు. ఒకవేళ చిన్న ఈదురుగాలికి మీద పడినా, ఎండిన తడక బరువు ఎంత? రేకు అలా కాదు, ఎగిరిందంటే కత్తే.

గోడ దగ్గర వదిలిన ఆ సందుకు ఇంకో గుణం ఉందని రాత్రి తెలిసింది. దోమలకు కుండపెంకులో కొబ్బరిపీచు రాజేసి మంచాల దగ్గర పెట్టారు. పొగ కాసేపు చుట్టూ తిరిగి, తడక కన్నాల్లోంచి, గోడ పక్క సందులోంచి పైకి పోయింది. ఇదే పని నాలుగువైపులా టార్పాలిన్ దించిన చోట చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. నిప్పు మగ్గుతున్నప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రపోయినవాడు నిద్రలోనే పోతాడు. పైగా ఎండిన కొబ్బరాకుకు నిప్పురవ్వ ఒక్కటి చాలు. పొగ పెట్టిన పెంకును పడుకునేముందు ఇంటావిడ బయటికి తీసి నీళ్లు చల్లింది, అందరూ చెయ్యాల్సిన పని అది.

అనుమతి మాటకు వస్తే, సొంత గుమ్మం ముందు అడిగేవాళ్లు లేరు. రాట వీధిలోకి జరిగితే మాత్రం ఎదురింటివాళ్లను అడగాలి. బండి పోవాలి, రేపు ఎవరింటికైనా అంబులెన్సు రావాలి.

తోటలో పందిరి సంగతి వేరు. జీడిపిక్కల కాలంలో కావలికి తోటలో పడుకోవడం పాత అలవాటు. ఇప్పుడు అది చెయ్యకూడదనే అంటాను. జీడిపళ్లకు, పనసపళ్లకు ఎలుగుబంట్లు వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. తడక గోడ ఎలుగును ఆపదు. ఊళ్లో పడుకున్నా నేలమీద చాప వద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, కాటు వేసినా నొప్పి తెలియకపోవచ్చు. నులకమంచం వేసుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోవాలి. ఆ మంచం కొబ్బరిచెట్టు కింద ఉండకూడదు. తాత రాటలు పాతకముందు తలెత్తి చెట్లనే చూశాడు, ఎండుమట్ట ఎక్కడ పడుతుందో అడుగులతో కొలిచాడు, ఆ గీత అవతల గుంత తీశాడు.

పని అయ్యేసరికి చీకటి పడింది. భోజనం పెట్టి, ఇంటికి వెళ్తావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. కొత్త పందిరి కింద మొదటి రాత్రి తాను పడుకోవాలట, కట్లు ఎక్కడ చప్పుడు చేస్తాయో వినాలట. అర్ధరాత్రి సముద్రగాలి లేచింది. నాకు మెలకువ వచ్చి చూస్తే తాత మంచం మీద లేడు. మూడో రాట దగ్గర నిలబడి, ఒక చెయ్యి కట్టు మీద ఉంచి, తడక కిందినుంచి పైకి ఊపిరి తీసినట్టు లేస్తూ దిగుతూ ఉండడాన్ని చూస్తున్నాడు. ఆ ఒక్క కట్టును విప్పి, కొంచెం వదులు చేసి మళ్లీ వేసి, వచ్చి పడుకున్నాడు.