టైటన్ బొమ్మలు రెండు

ఒక బొమ్మ చూడగానే ‘అబ్బ!’ అనిపిస్తుంది. రెండోది చూస్తే ‘ఇంతేనా?’ అనిపిస్తుంది. రెండూ శనిగ్రహం చుట్టూ తిరిగే టైటన్ అనే చందమామవే. నా ఓటు మాత్రం ఆ ‘ఇంతేనా’కే.

మొదటిది చెస్లీ బోన్‌స్టెల్ వేసిన వర్ణచిత్రం. 1944లో అమెరికాలో ‘లైఫ్’ పత్రికలో వచ్చింది. మంచు పట్టిన నిటారు కొండలు, వాటి నడుమ నీలి ఆకాశం, అందులో ఇంత పెద్ద శని, సన్నని వడ్డాణంలా వలయం. బోన్‌స్టెల్ హాలీవుడ్ సినిమాలకు వెనుక దృశ్యాలు వేసిన చిత్రకారుడు. ఆ పనితనం తెలుస్తూనే ఉంటుంది. కొండ ఎక్కడ కావాలో అక్కడే కొండ, వెలుగు ఎక్కడ పడాలో అక్కడే వెలుగు. హీరోయిన్ ఒక్కతే తక్కువ! ఈ బొమ్మ చూసి రోదసి మీద మనసు పారేసుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారట. పారేసుకోరూ మరి!

రెండోది ఫోటో. యూరప్‌వాళ్ళ హైగెన్స్ నౌక 2005 జనవరి 14న పారాచూట్లతో దాదాపు రెండున్నర గంటలు దిగి, టైటన్ నేల మీద కూర్చుని తీసింది. నారింజరంగు మసక, కింద కాసిని రాళ్ళు, అంతే. శని జాడే లేదు. అక్కడి మసకపొర ఎంత దట్టమంటే, నేల మీద నిలబడితే శని మన కంటికి ఆనడు. పెళ్ళి ఫోటోగ్రాఫర్ ఇలాంటిది తెచ్చిస్తే డబ్బులిస్తామా?

అయినా కాస్త ఓపిగ్గా చూడండి. ఆ రాళ్ళు గుండ్రంగా ఉన్నాయి. నిజానికవి మంచుగడ్డలు. సున్నాకి దిగువ 179 డిగ్రీల చలిలో మంచు రాయిలా బిగిసిపోతుంది. మరి వాటి అంచులు అరగదీసిందెవరు? ఏదో పారింది, వాటిని దొర్లించింది. పారింది మీథేన్, మన గోబర్ గ్యాసులో మండేదే. టైటన్ మీద అదే మబ్బు, అదే వాన, అదే ఏరు. గురుత్వం మన భూమిలో ఏడోవంతు, గాలేమో చిక్కన. అందుకని అక్కడి చినుకులు మన చినుకులకన్నా లావుగా ఉండి, మంచు రాలినంత నెమ్మదిగా పడతాయని లెక్కకట్టారు.

ఇక్కడే బోన్‌స్టెల్ బొమ్మ నాకు తేలిపోతుంది. ఆయన్ని తప్పుపట్టడం లేదు. టైటన్‌కి మీథేన్ వాతావరణం ఉందని కైపర్ ప్రకటించింది కూడా ఆ 1944లోనే. కానీ ఆ కొండల అంచులు కత్తుల్లా ఉన్నాయి. అవి ఎన్నడూ వానకు తడిసినవి కావు. నిన్న అక్కడేం జరిగిందో, రేపేం జరగబోతుందో ఆ బొమ్మ చెప్పదు. నవలలు రాసేదాన్ని, నాకది పెద్ద లోటే. నాయిక అందం నాలుగు పేజీలు వర్ణించి కథ మరిచిపోయినట్టుంటుంది. ఆ పిచ్చి గుండ్రాళ్ళలో ఎన్ని వానలున్నాయో!

హైగెన్స్ మీద నా ఫిర్యాదు వేరే ఉంది. కస్సీని నౌకలో ఒక రిసీవరును ఆన్ చేసే ఆదేశం వెళ్ళకపోవడంతో తీసిన ఫోటోల్లో సగమే, 350 దాకా, మనకు చేరాయి. మిగతా సగంలో ఏముందో అని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. 2028లో డ్రాగన్‌ఫ్లై అనే ఎగిరే యంత్రాన్ని పంపాలని నాసా అనుకుంటోంది. 2034కి చేరుతుందట. దిగబోయేది మాత్రం వాన అరుదుగా పడే ఇసుకతిన్నెల్లో. గొడుగు అక్కర్లేదన్నమాట.