బట్టీ ముందా, కథ ముందా? ఇంట్లో జ్ఞాపకం పాఠానికి రెండు ప్రయోగాలు

ఓపెన్ స్కూల్ ద్వారా ఇంట్లోనే ఉండి ఇంటర్ స్థాయి సైకాలజీ చదివే పిల్లలకు జ్ఞాపకం పాఠాన్ని చేతలతో చెప్పాలంటే రెండు పాత ప్రయోగాలు సులువుగా అందుతాయి. ఒకటి జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హాస్ చేసి 1885లో ప్రచురించింది. రెండోది కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ చేసి 1932 నాటి ‘రిమెంబరింగ్’లో వివరించింది. రెండింటికీ కాగితం, పెన్ను, గడియారం చాలు. నేర్పే సంగతులు మాత్రం వేరు.

ఎబింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగం చేసుకున్నాడు. తెలిసిన మాటలైతే పాత పరిచయం లెక్కను చెడగొడుతుందని సుమారు 2,300 అర్థం లేని ముక్కలు తయారుచేసుకున్నాడు. వాటి వరుసలను తప్పు లేకుండా అప్పజెప్పేదాకా చదివి, కొంత కాలం ఆగి మళ్లీ చదివి, రెండోసారి ఎంత శ్రమ ఆదా అయిందో కొలిచాడు. 20 నిమిషాల తర్వాత ఆదా 58 శాతం, ఒక రోజుకు 34, నెలకు 21. మరపు మొదట్లో పరుగెత్తి, తర్వాత నెమ్మదిస్తుందన్నమాట.

అర్థాన్ని వడగట్టేస్తే అసలు జ్ఞాపకమే చేజారుతుందని బార్ట్‌లెట్ వాదన. ఉత్తర అమెరికా ఆదివాసుల ‘దయ్యాల యుద్ధం’ కథను ఇంగ్లిష్ పాఠకులతో చదివించి, గుర్తున్నంత రాయించాడు. ఒకరు రాసింది ఇంకొకరికిచ్చి గొలుసుగానూ నడిపాడు. కథ కుదించుకుపోయింది. కనూలు మామూలు పడవలయ్యాయి, సీల్ వేట చేపల వేటగా మారింది. వింతగా తోచినదాన్ని మనసు తనకు తెలిసిన చట్రంలోకి దిద్దుకుంటుందని ఆయన తేల్చాడు.

ఇంటి చదువులో ప్రయోగానికి మనుషులు దొరకరన్న బెంగకు ఎబింగ్‌హాస్ మంచి జవాబు. 2015లో ముర్రె, డ్రోస్ ఈ ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడూ చదివింది ఒక్కరే, ఫలితం దాదాపు అలాగే వచ్చింది. అర్థం లేని తెలుగు ముక్కల వరుస మొదట 20 సార్లకు, మర్నాడు 13 సార్లకు నోటికొస్తే ఆదా 35 శాతం. ఈ లెక్క పిల్లవాడు తానే కట్టగలడు. రెండక్షరాలు కలిపితే చాలాసార్లు ఏదో ఒక మాట అయి కూర్చుంటుంది. అలాంటివి ఏరివేయడంలోనే ప్రయోగంలో నియంత్రణ అంటే ఏమిటో తెలిసిపోతుంది. లోపం విసుగు. ప్రయోగం చేసేదీ, చేయించుకునేదీ ఒకరే కావడం మరో లోపం.

బార్ట్‌లెట్ ప్రయోగానికి ఇల్లంతా కావాలి. అమ్మ, నాయనమ్మ, తమ్ముడు వరుసగా కథ చెబుతుంటే సందడే సందడి. పంచతంత్ర కథ పనికిరాదు. ముగింపు అందరికీ తెలుసు కాబట్టి మరిచిన చోటును పాత పరిచయం పూడ్చేస్తుంది. ఎవరూ వినని పరదేశపు కథ కావాలి. అయితే కొలత లేకపోతే చివరికి మిగిలేది నాయనమ్మ కథను మార్చేసిందన్న నవ్వే. బార్ట్‌లెట్ మీద వచ్చిన విమర్శా ఇలాంటిదే: సూచనలు కచ్చితంగా లేవు, అంకెలు తక్కువ. ఉన్నది ఉన్నట్టే చెప్పమని గట్టిగా అడిగితే కల్పనలు తగ్గుతాయని 1967లో గాల్డ్, స్టీఫెన్సన్ చూపించారు.

సరదాగా ఉంటుందని కథతో మొదలుపెట్టాలనిపిస్తుంది. నా ఓటు మాత్రం ఎబింగ్‌హాస్‌కే ముందు. ఆ విసుగులోనే కొలవడం అలవాటవుతుంది. ఆ అలవాటుతో కథ దగ్గరికి వస్తే, దాన్ని ముందుగానే చిన్న చిన్న సంగతులుగా విడగొట్టి, ఎన్ని పోయాయో, ఎన్ని మారాయో, ఎన్ని కొత్తగా చేరాయో లెక్కించవచ్చు. తర్వాత ఇంకో జట్టుకు అదే కథ చెప్పి, గుర్తులేనిది వదిలేయమనండి. రెండు జట్ల పట్టికలూ పక్కపక్కన పెడితే, బార్ట్‌లెట్ చెప్పింది ఎంతవరకు నిలుస్తుందో విద్యార్థే తేలుస్తాడు. పుస్తకంలోని మాటను పరీక్షకు పెట్టడం వస్తే సైకాలజీ పాఠం ఒంటబట్టినట్టే.