లాభం ఉంది, డబ్బేదీ?

ఎంబీఏ మొదటి ఏడాది పిల్లల్ని కదిపి చూడండి, సబ్జెక్టులు రెండే రకాలంటారు. థియరీ, ప్రాబ్లమ్స్. ఆర్గనైజేషనల్ బిహేవియర్ (ఓబీ), హెచ్ఆర్, మార్కెటింగ్ థియరీ. అకౌంట్స్, స్టాటిస్టిక్స్, ఫైనాన్స్ ప్రాబ్లమ్స్. మొదటివి పరీక్ష ముందు రోజు రాత్రి చదివినా గట్టెక్కుతారు. రెండోవంటే సెమిస్టర్ మొదలవగానే గుబులు పట్టుకుంటుంది. బీఎస్సీ చదివి ఐసెట్ రాసి వచ్చిన పిల్లకు డెబిట్, క్రెడిట్ కొత్త. బీటెక్ పిల్లవాడికి లెక్కలు కొత్త కాదు గానీ, అప్పు ఒకవైపు, ఆస్తి ఒకవైపు పెట్టి రెండూ సమానం కావాలంటే ఎందుకో అర్థం కాదు.

నేను చెప్పేది ఆ రెండో రకమే. ఎంబీఏ చదువు మనకు నిన్న మొన్న వచ్చింది కాదు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టింది. అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు వచ్చింది ఆ తర్వాత, 1961లో. ఇప్పుడు ప్రతి పట్టణం శివార్లలోనూ ఒక కాలేజీ ఉంది. కోర్సు చట్రం మాత్రం పెద్దగా మారలేదు. మొదటి ఏడాది అందరికీ ఒకే కోర్ సబ్జెక్టులు, రెండో ఏడాది ఎవరి స్పెషలైజేషన్ వాళ్లది, చివర్లో ప్రాజెక్టు.

వర్కింగ్ క్యాపిటల్ పాఠానికి నేను పుస్తకంలోని ఏబీసీ లిమిటెడ్‌ను పక్కనపెట్టి బోర్డు మీద ఎరువుల కొట్టు పెడతాను. క్లాసులో ఎవరో ఒకరి ఇంట్లో ఆ వ్యాపారం ఉండనే ఉంటుంది. ఏడాదికి అమ్మే సరుకు కొనుగోలు ఖరీదు 73 లక్షలు అనుకుందాం. అంటే రోజుకు 20 వేలు. వచ్చిన బస్తా గోదాములో సగటున 60 రోజులు ఉంటుంది. అరువుకు పోయిన బస్తా డబ్బు, పంట చేతికొచ్చి రైతు తెచ్చిచ్చేసరికి 120 రోజులు. కొట్టువాడికి పైనుంచి దొరికే గడువు 45 రోజులు. అరవై, నూట ఇరవై కలిపి అందులో నలభై ఐదు తీసేస్తే 135 రోజులు. రోజుకు 20 వేల చొప్పున 27 లక్షలు ఎప్పుడూ వ్యాపారంలోనే ఇరుక్కుని ఉంటాయి. వర్కింగ్ క్యాపిటల్ అంటే ఇదే.

ఇంతవరకూ పిల్లలు కిమ్మనకుండా రాసుకుంటారు. అసలు ప్రశ్న ఇక్కడ వేస్తాను. ఆ 27 లక్షలు ఎవరివి? బ్యాంకు 12 శాతానికి ఇస్తే ఏడాదికి వడ్డీ 3 లక్షల 24 వేలు. బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే 6 లక్షల 48 వేలు. వడ్డీకి ముందు కొట్టు లాభం 5 లక్షలనుకుంటే, మొదటివాడికి లక్షా 76 వేలు మిగులుతుంది. రెండోవాడికి లక్షా 48 వేల నష్టం. అదే సరుకు, అదే ఊరు, అదే అమ్మకం.

అక్కడినుంచి క్లాసు నా చేతిలో ఉండదు. అరువు మానేస్తే సరి అంటారొకరు. మానేస్తే రైతు ఎదురుకొట్టుకు పోతాడు అంటారు వెనక బెంచీవాళ్లు. ఇది మార్కెటింగ్. అరువు ధర వేరు, నగదు ధర వేరు పెడతారు కదా సార్ అని ఇంకొకరు. ఇది మేనేజీరియల్ ఎకనామిక్స్ వాళ్లు చెప్పే ధర నిర్ణయం. సీజనుకు ముందే గోదాము నింపకపోతే అదునులో సరుకు దొరకదు. ఇది ఆపరేషన్స్. తెలిసిన రైతును, అందులోనూ పంట పోయినవాణ్ని, బాకీ ఎలా అడగాలన్నది ఓబీ. టైంటేబుల్ గీతలు గీసి ఒక్కో మాస్టారికి ఒక్కో ముక్క పంచింది గానీ, కొట్టువాడు మాత్రం ఇవన్నీ గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఒక్కడే తేల్చుకోవాలి.

పరీక్షలో వచ్చేది ఏమిటంటారా? ‘వర్కింగ్ క్యాపిటల్‌ను నిర్వచించి, దానిని ప్రభావితం చేసే అంశాలు వివరింపుము.’ ఆల్ ఇన్ వన్ గైడులో పదో పన్నెండో అంశాలుంటాయి, ఉన్నవి ఉన్నట్టు దింపేస్తే మార్కులు వస్తాయి. థియరీ సబ్జెక్టుల సంగతీ అంతే. మనిషి అవసరాలను మెట్లుగా చూపే మాస్లో పిరమిడ్ గీయనిదే ఓబీ పేపరు పూర్తికాదు. ఆయన 1943లో రాసిన వ్యాసంలో ఆ బొమ్మ అసలు లేదు. తర్వాతివాళ్లు గీశారు. బొమ్మకు మార్కులున్నాయి కాబట్టి అది బతికింది.

పేపరు సెట్ చేసేవాళ్లకు నాదొక విన్నపం. నాలుగు అంకెలిచ్చి ‘ఈ కొట్టువాడు అరువు ఆపాలా, కొనసాగించాలా, ఎందుకు?’ అని ఒక్క ప్రశ్న అడగండి. గైడులో జవాబు దొరకదు. దిద్దడం కష్టమవుతుంది, ఒప్పుకుంటాను.

కౌన్సెలింగులో సీటొచ్చి ఈ ఏడాది చేరబోయేవాళ్లకు ఒకటే మాట. అకౌంట్స్‌ను పాస్ మార్కుల సబ్జెక్టుగా వదిలేయకండి. హెచ్ఆర్ తీసుకుంటాం, మాకెందుకు అనుకునేవాళ్లు అసలు వదలకండి. రేపు మీరడిగే ప్రతి జీతం పెంపుకూ, ప్రతి కొత్త ఉద్యోగానికీ డబ్బు ఎక్కడుందో చూపించాల్సింది మీరే.