ముందు గోష్ఠి, తర్వాతే కచేరీ

పుష్య బహుళ పంచమి దగ్గర పడుతోందంటే సంగీత పాఠశాలల్లో పంచరత్నాల సాధన ఊపందుకుంటుంది. 1847లో త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి అది. తిరువయ్యారులోనే కాదు, మన ఊళ్లలో ఎక్కడ ఆరాధన జరిగినా నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల కృతులను పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చుని గోష్ఠిగా పాడతారు. నేర్చుకునే పిల్లలకు ఇంతకు మించిన తొలి వేదిక లేదు.

ఐదు కృతులూ ఆదితాళమే. ఒక దెబ్బ, చిటికెనవేలి నుంచి మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ, విసురు రెండేసి సార్లు. వినడానికి సులువే. కానీ చరణాల్లో స్వరం పాడి, అదే మెట్టులో సాహిత్యం అందుకునే చోట తొమ్మిదేళ్ల పిల్లకు తాళం జారుతుంది. పక్కనున్న అక్క తొడమీద పడుతున్న చేతిని ఓరకంట చూస్తుంది, ఒక ముక్క మింగేస్తుంది, మళ్లీ ఎత్తుగడకు గొంతు కలిపేస్తుంది. ఈ విద్య క్లాసులో అబ్బదు. అక్కడ తప్పగానే గురువుగారు ఆపి మొదటి నుంచి పాడిస్తారు కదా! గోష్ఠి ఎవరి కోసమూ ఆగదు.

చిక్కల్లా శ్రుతితోనే. మగవాళ్లకూ కుదరాలని పెట్టిన శ్రుతి పిల్లల గొంతుకు బాగా కింద పడుతుంది. మంద్రంలో పెదవులు కదుపుతారంతే. అందుకే గోష్ఠి తర్వాత మెట్టుగా ప్రతి పిల్లకూ తన శ్రుతిలో పదిహేను నిమిషాలు దక్కాలి: ఒక వర్ణం, ఒక చిన్న కృతి, తోటి విద్యార్థుల వయొలిన్, మృదంగాలతో. మృదంగం పిల్లాడికీ అది పరీక్షే. పాట మెత్తబడ్డ చోట చేయి తగ్గించడం వాడికి అక్కడే తెలుస్తుంది. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాల లాంటి చోట గాత్రమూ వాద్యాలూ ఒకే కప్పు కింద ఉండటంలోని లాభం ఇదే.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్ల వయసులో తొలి కచేరీ చేసింది విజయవాడ త్యాగరాజ ఆరాధనలో. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ 1978లో మొదట వేదికెక్కింది గుడివాడ ఆరాధనలో. అందరు పిల్లలూ వాళ్లంతటి వాళ్లు కారు, కానక్కర్లేదు కూడా. సరళీ స్వరాలు కుదురుకోకముందే పోటీలకు తిప్పి, రికార్డు చేసిన ట్రాక్ మీద పాడించి, జ్ఞాపిక పట్టుకుని ఫొటో దిగే తొందర మాత్రం నాకు నచ్చదు. ట్రాక్ పిల్ల కోసం సర్దుకోదు, పక్కవాద్యం సర్దుకుంటుంది.

సభల వారికి ఒక మనవి. పిల్లల పాటను మిట్టమధ్యాహ్నం ఖాళీ కుర్చీల ముందు పెట్టకండి. సాయంత్రం పెద్ద కచేరీకి ముందు పెట్టండి, పక్కవాద్యాలతో పెట్టండి. శ్రోతలారా, ఆ పదిహేను నిమిషాలు ముందే వచ్చి కూర్చోండి.