రెండో కార్డు పెట్టాక

1994లో నాసాకు చెందిన గొడ్డార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ మామూలు పీసీ భాగాలతో బేవుల్ఫ్ అనే క్లస్టర్ కట్టారు. అందులో 16 డీఎక్స్4 ప్రాసెసర్లు. సెకనుకు 10 మెగాబిట్ల ఈథర్‌నెట్ వాటి వేగానికి చాల్లేదు. అప్పట్లో మంచి స్విచ్ కొనాలంటే మోయలేని ఖర్చు. దాంతో బెకర్ ఒక్కో మెషీన్‌లో ఒకటికి మించి నెట్‌వర్క్ కార్డులు పెట్టి, ప్యాకెట్లను వాటికి పంచే ప్రోగ్రామ్ రాశారు. నేటి లినక్స్ బాండింగ్ డ్రైవర్ ఆ పనిలోంచి పుట్టిందే.

ఇప్పుడు చాలా సర్వర్లు రెండు, నాలుగు పోర్టులతోనే వస్తున్నాయి. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. ఖాళీ పోర్టుకు కేబుల్ తగిలించి, అదే సబ్‌నెట్‌లో ఇంకో ఐపీ ఇస్తే వేగం రెట్టింపవుతుందని కొత్త అడ్మిన్లు ఆశపడతారు. లినక్స్ లెక్కలో ఐపీ అడ్రస్ మెషీన్‌ది, కార్డుది కాదు. రెండో కార్డు అడ్రస్ ఎవరిదని ఏఆర్‌పీ అడిగితే మొదటి కార్డూ "నాదే" అని బదులిస్తుంది. బయటికెళ్లే ట్రాఫిక్ మొత్తం ఒకే కార్డు మీద పడుతుంది. ఏఆర్‌పీ ఇగ్నోర్, ఏఆర్‌పీ అనౌన్స్ సెట్టింగులు ఉన్నది ఆ తప్పు బదుళ్లను ఆపడానికే.

డిఫాల్ట్ గేట్‌వేలు రెండు పెట్టడం ఇంకా పెద్ద తలనొప్పి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. మెట్రిక్ తక్కువున్నదే గెలుస్తుంది. బయటివాళ్ల అభ్యర్థన రెండో కార్డుకు వస్తే, జవాబు మొదటి కార్డు నుంచి పోవాలని చూస్తుంది. రివర్స్ పాత్ ఫిల్టర్ కఠినంగా ఉంటే కెర్నల్ అలా వచ్చిన అభ్యర్థన ప్యాకెట్‌నే చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. టీసీపీడంప్‌లో వచ్చినట్టు కనిపించిన ప్యాకెట్ అప్లికేషన్‌కు అందదు. అదే సబ్‌నెట్‌లోని పక్క మెషీన్ నుంచి పింగ్ చేస్తే మాత్రం అంతా బాగానే ఉంటుంది! ఈ ఒక్క లక్షణం గుర్తుపట్టలేక రాత్రంతా ఫైర్‌వాల్‌ను అనుమానించేవాళ్లున్నారు. ఒక్కో కార్డుకు వేరే రూటింగ్ టేబుల్ రాసి, ఏ అడ్రస్ నుంచి వెళ్లే జవాబు ఏ టేబుల్ చూడాలో నియమం పెడితే చిక్కు విడిపోతుంది.

బాండింగ్‌లోనూ ఆశలు అదుపులో ఉండాలి. ఎల్ఏసీపీతో రెండు గిగాబిట్ లింకులు కలిపినా, ఒక్క టీసీపీ కనెక్షన్ ఒకే తీగ మీద నడుస్తుంది. రాత్రి బ్యాకప్ ఒకే కనెక్షన్‌లో పోతుంటే దానికి దక్కేది ఒక గిగాబిట్టే. వందలమంది యూజర్లున్న ఫైల్ సర్వర్‌కు మాత్రం నిజమైన లాభం ఉంటుంది.

ఇన్ని తిప్పల మధ్య రెండో కార్డుకు అన్నిటికంటే విలువైన పని యాక్టివ్ బ్యాకప్ అనే బాండింగ్ పద్ధతి. స్విచ్‌లో ప్రత్యేక సెట్టింగ్ అక్కర్లేదు. ఒకటి పడితే ఇంకొకటి అందుకుంటుంది. అయితే రెండు కేబుళ్లనూ ఒకే స్విచ్‌కు గుచ్చితే, ఆ స్విచ్ పోయిన రోజు రెండూ పోతాయి. ఒకే కార్డులోని జంట పోర్టులదీ అదే గతి. ఒకటి మదర్‌బోర్డుది, ఒకటి స్లాట్‌లో పెట్టినది, రెండూ వేర్వేరు స్విచ్‌లకు కలపాలి. లింక్ లైటు వెలుగుతున్నా స్విచ్‌కు అవతల దారి తెగి ఉండవచ్చు కాబట్టి, గేట్‌వేను ఏఆర్‌పీతో పలకరించే నిఘా పెట్టడం మంచిది. సర్వర్‌ను వాడకంలోకి ఇచ్చేముందే, పెద్ద ఫైలు కాపీ అవుతుండగా ఒక కేబుల్ పీకి చూడాలి. అది తిరిగి గుచ్చి, రెండోదీ పీకాలి.