రసీదును ఆలస్యం చేసే యంత్రం

2012 జులై మొదట్లో విశాఖపట్నం పేరు ఓ ఇబ్బందికరమైన వార్తలో వచ్చింది. తూర్పు నౌకాదళ కేంద్రంలో ఇంటర్నెట్ గాలి సోకకుండా విడిగా ఉంచిన కంప్యూటర్లలోంచి ఫైళ్లు బయటికి పోయాయని పత్రికలు రాశాయి. పోయిన దారి పెన్ డ్రైవ్. అందులో దాక్కున్న పురుగు, అంటే హాని చేసే ప్రోగ్రాం, తనకు కావలసిన మాటలున్న ఫైళ్లను ఏరి, కంటికి కనబడని ఫోల్డర్లో దాచుకునేదట. అదే పెన్ డ్రైవ్‌ను నెట్ ఉన్న కంప్యూటర్‌కు పెట్టగానే వాటిని పంపేసేదట. అంతకు నాలుగేళ్ల ముందు, 2008లో, అమెరికా సైన్యానికీ ఇలాంటి దెబ్బే తగిలింది. పశ్చిమాసియాలోని ఒక స్థావరంలో ఎవరో పెట్టిన ఫ్లాష్ డ్రైవ్‌తో మొదలైన పురుగు రహస్య నెట్‌వర్క్‌లోకీ పాకింది. ఆ దెబ్బతో కొంతకాలం అలాంటి డ్రైవ్‌లనే నిషేధించారు.

పెన్ డ్రైవ్ పెట్టినవాళ్లను దండించడం తేలికే. అసలు అది అక్కడికి ఎందుకొచ్చిందన్నది కష్టమైన ప్రశ్న. రహస్య నెట్‌వర్క్‌కైనా బయటి సరుకు కావాలి. వాతావరణ సూచనలు, సముద్ర పటాల్లో సవరణలు, వర్తక నౌకల కదలికలు, ఇవన్నీ మామూలు నెట్‌వర్క్‌లలో పుట్టి లోపలికి చేరాల్సినవి. సరైన దారి లేకపోతే అవసరం ఉన్నవాడు ఏదో ఒక దొడ్డిదారి వెతుక్కుంటాడు. ఆ సరైన దారిని ఎలా కట్టాలో వాషింగ్టన్‌లోని అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో ఇద్దరు కూర్చుని ఆలోచించారు: మ్యోంగ్ కాంగ్, ఐరా మాస్కోవిట్జ్. 1993లో వాళ్లు ప్రకటించిన పరికరం పేరు పంప్. ఇంటర్నెట్ వాడేవాళ్ల ఆనవాలు దాచే ఈనాటి టోర్‌కు మూలమైన ఆనియన్ రూటింగ్ కూడా తర్వాత కొన్నేళ్లకు ఆ పరిశోధనాలయంలోనే పుట్టింది. టోర్‌కు లోకమంతా పేరొచ్చింది. పంప్ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పనితనంలో మాత్రం ఇది దానికి ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం.

సమస్య పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. సైనిక కంప్యూటర్ల భద్రతకు 1970ల్లో డేవిడ్ బెల్, లెనార్డ్ లపాడ్యులా గణితంలో కట్టిన నియమం ఒకటుంది. పై స్థాయి రహస్యాన్ని కిందివాడు చదవకూడదు, పైవాడు కింది స్థాయిలో రాయకూడదు. అంటే సమాచారం కిందినుంచి పైకి ఎక్కవచ్చు, పైనుంచి కిందికి దిగకూడదు. బాగానే ఉంది. కానీ కింది కంప్యూటర్ ఒక సందేశం పంపితే అది చేరిందో లేదో దానికి తెలియాలి కదా! పై కంప్యూటర్ ‘అందింది’ అని రసీదు ఇవ్వాలి. ఆ రసీదు పైనుంచి కిందికే దిగుతుంది.

ఒట్టి ‘అందింది’ అన్న మాటలో రహస్యం ఏం ఉంటుంది? సెల్ ఫోన్లు వచ్చిన కొత్తలో మనవాళ్లు మిస్డ్ కాల్‌ను ఎలా వాడారో గుర్తు తెచ్చుకోండి. ఒకసారి మోగి ఆగితే ఊరు చేరినట్టు, రెండుసార్లు మోగితే బస్సు దొరకనట్టు. నోరు విప్పలేదు, పైసా ఖర్చు కాలేదు, కబురు మాత్రం చేరింది. పై నెట్‌వర్క్‌లో శత్రువు ప్రోగ్రాం ఒకటి దూరిందనుకుందాం. రసీదును వెంటనే ఇస్తే సున్నా, ఆగి ఇస్తే ఒకటి. ఆ సున్నాలూ ఒకట్లతో ఎంత పెద్ద ఫైలునైనా కిందికి దించేయవచ్చు. కంప్యూటర్లలో ఇలాంటి దొంగదారులు ఉంటాయని బట్లర్ లాంప్సన్ 1973లోనే హెచ్చరించాడు.

దీనికో మొరటు వైద్యం ఉంది. రసీదు అన్నదే లేకుండా చేయడం. డేటా డయోడ్ అనే పరికరం పని అదే: ఆప్టికల్ ఫైబర్‌కు ఇటువైపు దీపం, అటువైపు కన్ను. వెలుతురు వెనక్కి రావడానికి అటువైపు దీపమే లేదు. అణు విద్యుత్ కేంద్రాల్లో వీటిని విరివిగా వాడతారు. గట్టి ఏర్పాటే. కాకపోతే పంపినది చేరిందో లేదో పంపినవాడికి ఎప్పటికీ తెలియదు. అందుకే ఒకే సందేశాన్ని పదేపదే పంపుతూ, చేరే ఉంటుందని అనుకుంటూ కూర్చోవాలి. రెండో ఉపాయం, మధ్యలో ఒక పెట్టె పెట్టి రసీదు ఆ పెట్టె చేతే ఇప్పించడం. ఇది చాలనిపిస్తుంది. అయితే పైనున్న దొంగ కావాలనే తీసుకోవడం మానేస్తాడు. పెట్టె నిండిపోతుంది. అక్కడినుంచి వాడు ఒకటి తీసుకుంటేనే పెట్టెలో ఒకదానికి చోటు దొరుకుతుంది, అప్పుడే కిందికి ఒక రసీదు వెళుతుంది. మళ్లీ మీట వాడి చేతికే వచ్చింది.

కాంగ్, మాస్కోవిట్జ్‌ల నేర్పు ఇక్కడ చూడాలి. పంప్‌లోనూ మధ్యలో పెట్టె ఉంది, రసీదు ఇచ్చేదీ పంపే. కానీ సందేశం చేతికి రాగానే ఇవ్వదు, కొంతసేపు ఆపుతుంది. పైనెట్‌వర్క్ ఈమధ్య ఒక్కో సందేశం తీసుకోవడానికి సగటున ఎంతసేపు తీసుకుందో లెక్కగట్టి, ఆ సగటు చుట్టూ పాచిక వేసినట్టు ఒక సమయాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుని, అంతసేపు ఆగి రసీదు ఇస్తుంది. ఈ ఆలస్యంతో రెండు పనులు జరుగుతాయి. పైవాడు నిదానిస్తే కిందివాడూ తనంతట తానే నిదానిస్తాడు కాబట్టి పెట్టె నిండే ప్రమాదం తగ్గుతుంది. దొంగ చేతిలో మీటా నిలవదు.

లెక్క కోసం చూద్దాం. సగటు చివరి 50 సందేశాల మీద తీస్తున్నాం, పైవాడు మామూలుగా ఒక్కోదానికి 20 మిల్లీసెకన్లు తీసుకుంటున్నాడు అనుకోండి. దొంగ ఒకదాన్ని ఆరింతలు సాగదీసి 120 చేశాడు. సగటు 20 నుంచి 22కు కదిలింది, అంతే. కిందివాడి కంటబడేది ఆ 22 కూడా కాదు, దాని చుట్టూ పాచికలో పడిన ఏదో అంకె: ఒకసారి 7, ఒకసారి 41. ఇందులోంచి ఒక్క బిట్ రాబట్టాలంటే దొంగ ఎన్నో సందేశాలపాటు ఒకే తీరున ఆగుతూ ఉండాలి. నిజాయతీగా పంపేవాడికి మాత్రం పోయేదేమీ లేదు. పైవాడు ఎంత వేగంగా తీసుకోగలడో, సగటున ఇంచుమించు అంతే వేగంగా అతని పనీ సాగుతుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ తర్వాతి అడుగు. దొంగదారి పూర్తిగా మూసుకుపోయిందని వాళ్లు చెప్పలేదు. మూయలేదు కూడా. సగటు కొద్దిగానైనా కదులుతుంది కాబట్టి కాస్త కారుతూనే ఉంటుంది. మాస్కోవిట్జ్ గణితం మనిషి. 1948లో క్లాడ్ షానన్ వేసిన సమాచార సిద్ధాంతాన్ని పట్టుకుని, ఎంత కారగలదో దానికో పైహద్దు కట్టారు. భద్రత పరికరాలు అమ్మేవాళ్ల కరపత్రాల్లో ‘అభేద్యం’ అన్న మాట చదివి చదివి విసిగినవాడికి ఆ హద్దు చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఎంత కారవచ్చో తెలిస్తే, ఆ మాత్రం ఒప్పుకోవాలా వద్దా అన్నది సేనాధికారి తేల్చుకోవచ్చు.

1996లో వచ్చిన రూపాన్ని నెట్‌వర్క్ పంప్ అన్నారు. ఒకే పెట్టె గుండా అనేకమంది పంపుతున్నప్పుడు ఒకడు మిగతావాళ్ల చోటంతా ఆక్రమించకుండా వాటా వేయడం అందులో కొత్త చేర్పు. నిర్మాణంలో ఇంకో పొదుపుంది. ఈమెయిలా, డేటాబేసా, పటమా అన్న తేడాలేవీ పంప్‌కు తెలియవు. ఆ భాషలన్నీ దానికి అటూ ఇటూ ఉన్న నెట్‌వర్క్‌లలో కూర్చునే వేరే ప్రోగ్రాములు చూసుకుంటాయి. వాటిని నమ్మాల్సిన పని లేదు. నమ్మాల్సిందల్లా మధ్యనున్న చిన్న పెట్టెను. అది చిన్నది కాబట్టే తనిఖీ చేసేవాడు దాని ప్రోగ్రామును మొదటినుంచి చివరిదాకా చదివి చూడగలడు.

పైకి వెళ్లే ఫైల్లో పురుగు ఉందా లేదా అన్నది పంప్ చూడదు. ఆ వడపోత వేరొకరు చేయాలి. చేసినా ఒకటో రెండో తప్పించుకుంటాయి. పంప్ గీసిన గీత వాటికీ వర్తిస్తుంది. ఎక్కిన పురుగు పైన పాడుచేయగలిగినంత పాడుచేస్తుంది గానీ, పంప్ గుండా కిందనున్న తన యజమానికి చెప్పుకోగలిగింది మాత్రం ఆ సగటును ఎంత కదిలించగలిగితే అంతే.