పెట్టె ముందా, బిడ్డ ముందా

ఫిన్లాండ్‌లో ప్రభుత్వమిచ్చే పసిబిడ్డ సామాన్ల పెట్టె బిడ్డకన్నా ముందే ఇంటికి చేరుతుంది. తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ కాన్పయ్యాక, ఆసుపత్రిలో చేతికొచ్చేది. మన ఇళ్లలో బిడ్డ భూమ్మీద పడకముందు కొత్త బట్టలు కొనరు. మొదటిసారి చుట్టేది మెత్తబడ్డ పాత నూలు చీరలోనే. ఆ పట్టింపుకి మన కిట్ సరిగ్గా సరిపోయింది. అయితే ఆ ఒక్క తేడాతో రెండు పథకాల నడకే వేరైపోయింది.

ఫిన్లాండ్‌లో 1930లలో వెయ్యిమంది పుడితే 65 మంది దాకా ఏడాది నిండకుండానే పోయేవారు. 1938లో పేద తల్లులకు పెట్టె ఇవ్వడం మొదలుపెట్టి, 1949లో ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ అందరికీ ఇచ్చారు. షరతు ఒక్కటే: నాలుగో నెల దాటకముందే వైద్య పరీక్ష చేయించుకోవాలి. అంటే అక్కడ తల్లిని ఆసుపత్రి గడప తొక్కించేది పెట్టే. వద్దనుకుంటే డబ్బు తీసుకోవచ్చు, ఇప్పుడది 170 యూరోలు. అయినా తొలిచూలు తల్లులు ఎక్కువగా పెట్టెనే కోరుకుంటారు.

మన కిట్‌కి ఆ పని చేసే వీల్లేకపోయింది, అది వచ్చేసరికే కాన్పు అయిపోయేది. ఆ పని డబ్బుకి అప్పగించారు. గర్భిణిగా పరీక్షలు చేయించుకుంటే 3,000, సర్కారు దవాఖానలో కాన్పయితే 4,000, మూడున్నర నెలల టీకాలకు 2,000, తొమ్మిదో నెల టీకాకు 3,000. ఆడపిల్లయితే కాన్పు నాటి కిస్తీలో మరో వెయ్యి. ఈ లెక్క వేసినవాళ్లని మెచ్చుకోవాలి. కిట్‌లోని చీరలు, దోమతెర పరుపు, సబ్బులు, బొమ్మలు పుట్టింటి సారె లాంటివి: ముచ్చటే, కానీ నడిపించేది నగదు. అందుకే ఆ నగదు నెలల తరబడి ఆగిందని పత్రికలు రాసినప్పుడల్లా దెబ్బ తగిలింది పథకం వెన్నుకే. కిట్ మీద అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఫొటో మాత్రం ఏనాడూ ఆలస్యం కాలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో తెలంగాణలో సర్కారు దవాఖాన కాన్పులు 30.5 శాతం నుంచి 49.7కి పెరిగాయి. ఆ ఘనతలో కిట్‌కి వాటా ఇవ్వక తప్పదు. అదే కాలంలో సిజేరియన్లు 57.7 నుంచి 60.7కి ఎక్కాయి. కడుపు కోయించుకున్న తల్లికి లేచి కూర్చుని పాలివ్వడమే మొదటి గండం. ఆమెకి సాయపడే మనిషి కావాలి, ఇంకో వస్తువు కాదు.

వస్తువుల ఎంపికలోనూ ఫిన్లాండ్ వాళ్లది కాస్త పైచేయి. తల్లిపాలను ప్రోత్సహించాలని పాలసీసాని పెట్టెలోంచి తీసేశారు. ఒంటి వేడి చూసే థర్మామీటర్ పెట్టారు. వెంటనే మళ్లీ కడుపు రాకుండా కండోమ్‌లూ పెట్టారు (మన కిట్‌లో అవి కనబడితే అత్తగారు ఏమంటుందో ఊహించుకోవచ్చు). మన దాంట్లో పౌడర్ డబ్బా ఉండేది. ముక్కులోకి పోతుంది, పసివాళ్లకి వద్దని పిల్లల డాక్టర్లు మొత్తుకునే వస్తువది.

అలాగని అక్కడి పసిప్రాణాలని అట్టపెట్టె కాపాడిందంటే నమ్మలేం. పెట్టె వెనక ప్రతి ఊళ్లో నెయువోలా అనే తల్లీబిడ్డల కేంద్రం ఉంది, గర్భం నుంచి బిడ్డ బడికెళ్లేదాకా చూసే నర్సు ఉంది. మన దగ్గర ఆ పనికి దగ్గరగా వచ్చేది ఆశా కార్యకర్త. దవాఖానలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి చూడాలి. బరువు తూచే కాటా, థర్మామీటర్ ఆమె సంచీలోనే ఉంటాయి. బొడ్డు చీము పట్టిందా, పాలు పట్టుకుని తాగుతోందా, ఒళ్లు చల్లబడిందా అని చూసేది ఆమే. పసిబిడ్డల చావులు ఎక్కువగా జరిగేది మొదటి నెలలోనే. మన పథకంలో కిస్తీ ఏదీ లేని కాలం కూడా సరిగ్గా అదే: కాన్పుకి ఒకటి అందితే, తర్వాతది మూడున్నర నెలలకి. మధ్యలో ఆశా ఆరుసార్లు గడప తొక్కిందో లేదో ఆ 12,000 లెక్కలో ఎక్కడా ఉండేది కాదు. పౌడర్ డబ్బా తీసేసి ఆ ఖాళీని పూరించి ఉంటే మన కిట్ ఫిన్లాండ్ పెట్టెతో తూగేది.